పేలుడు తరువాత వచ్చే ప్రభుత్వం

కిష్టారెడ్డిపేటకు ఒక పక్క పటాన్‌చెరు, మరో పక్క బొల్లారం. షిఫ్టు మారే వేళ ఆ దారుల్లో నిలబడితే కార్మికులను మోసుకుపోయే బస్సులు, కిక్కిరిసిన ఆటోలు బారులు తీరి కనిపిస్తాయి. టిఫిన్ డబ్బా చేత పట్టుకుని ఎక్కేవారిలో సంగారెడ్డి జిల్లా పల్లెలవారు ఉన్నారు. బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్‌ల నుంచి వచ్చి ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుని బతికేవారూ ఉన్నారు. పొద్దున వెళ్లిన మనిషి సాయంత్రం ఇంటికి చేరితే ఆ కుటుంబానికి ఒక దినం గడిచినట్టు. 2025 జూన్ 30న పాశమైలారం నుంచి 54 మంది ఇంటికి చేరలేదు.

ఆ ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో సిగాచి ఇండస్ట్రీస్ కర్మాగారంలో సంభవించిన పేలుడు తెలంగాణ చరిత్రలోనే అతి పెద్ద పారిశ్రామిక ప్రమాదం. భవనం కుప్పకూలింది. శరీరాలు గుర్తుపట్టరాని స్థితిలో దొరికాయి. 46 మందిని గుర్తించి కుటుంబాలకు అప్పగించారు. మిగిలిన ఎనిమిది మంది ఆనవాళ్లు సైతం దొరకలేదు. ఖననానికీ దహనానికీ నోచుకోని ఆ ఎనిమిది మంది ఇళ్లలో దుఃఖానికి ముగింపు ఎలా వస్తుందో మేము ఊహించలేకున్నాము.

మరుసటి రోజు ముఖ్యమంత్రి వచ్చారు. మంత్రులు వచ్చారు, ప్రతిపక్ష నాయకులు వచ్చారు. మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున పరిహారం ప్రకటించారు. ప్రధానమంత్రి సహాయనిధి నుంచి రెండు లక్షలు ప్రకటించారు. విశ్రాంత శాస్త్రవేత్త బి. వెంకటేశ్వరరావు అధ్యక్షతన నిపుణుల కమిటీ వేశారు. ఇవన్నీ చేయవలసిన పనులే. వీటిని మేము తప్పుపట్టడం లేదు. మా ప్రశ్న ఒక్కటే. జూన్ 30 తరువాత ఇంత వేగంగా కదిలిన ప్రభుత్వం జూన్ 29 వరకు ఎక్కడ ఉంది?

పాశమైలారంలో పేలినది విషవాయువు కాదు, బాంబు కాదు. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. కలపగుజ్జు నుంచి తీసే తెల్లని పొడి. మనం మింగే మాత్రలు గట్టిగా నిలవడానికి మందుల కంపెనీలు దీనిని కలుపుతాయి. ముట్టుకుంటే మైదాపిండిలా ఉంటుంది. తిన్నా హాని లేదు. కాని మండగల సన్నని పొడి ఏదైనా గాలిలో దట్టంగా లేచి, మూసిన చోట నిప్పురవ్వ తగిలితే క్షణంలో అంటుకుని పేలుతుంది. మొదటి పేలుడు చిన్నదే కావచ్చు. ఆ అదురుకు దూలాల మీద, గొట్టాల మీద, గోడల అంచుల మీద పేరుకున్న దుమ్ము ఒక్కసారిగా లేస్తుంది. రెండో పేలుడు దాని నుంచి పుడుతుంది. భవనాలను కూల్చేది ఎక్కువగా అదే. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఇంపీరియల్ షుగర్ అనే చక్కెర కర్మాగారంలో ఇలాగే చక్కెర దుమ్ము పేలి 14 మంది చనిపోయారు. పిండి మిల్లుల్లో, బొగ్గు గనుల్లో ఈ ప్రమాదం నూరేళ్లకు పైగా తెలిసినదే. దుమ్మును పేరుకోనివ్వకుండా ఊడ్చివేయడం, డ్రయర్ వేడిని అదుపులో ఉంచడం, పేలుడు ఒత్తిడి సురక్షితంగా బయటికి పోయే ద్వారాలు అమర్చడం, కార్మికులు గుమికూడే చోటును డ్రయర్‌కు దూరంగా కట్టడం దీనికి మందు. ఇందులో అంతుపట్టని శాస్త్రమేమీ లేదు.

చట్టం కూడా కొత్తగా రావలసిన అవసరం లేకపోయింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షను పేలుడు స్వభావంగల దుమ్ము గురించే చెప్పింది. యంత్రాన్ని మూసి ఉంచాలని, దుమ్మును తొలగించాలని, నిప్పు పుట్టే అవకాశాలను లేకుండా చేయాలని యజమానికి విధించింది. అంటే స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే ఈ దేశ చట్టానికి ఈ ప్రమాదం తెలుసు. చనిపోయిన ఒక కార్మికుని కుమారుడు పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదులో, యంత్రాలు పాతబడ్డాయని తన తండ్రి యాజమాన్యానికి ముందే చెప్పినా పెడచెవిన పెట్టారని ఆరోపించాడు. ఆ ఆరోపణలో నిజానిజాలు న్యాయస్థానం తేల్చాలి. కాని అది మరో ప్రశ్నను మన ముందుంచుతుంది. యజమాని వినకపోతే ఆ కార్మికుడు చెప్పుకోవడానికి వెళ్లవలసిన తలుపు ఏది? ఆ తలుపు ఫ్యాక్టరీల తనిఖీ అధికారిది. ఆ తలుపు తట్టవచ్చునని కార్మికునికి ఎవరు చెప్పారు?

ఈ తలుపు క్రమక్రమంగా మూసుకుపోయిన కథను మనం తెలుసుకోవాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 81వ ఒప్పందాన్ని భారత్ 1949లోనే ఆమోదించింది. తనిఖీ అధికారి ముందస్తు సమాచారం లేకుండా, పగలైనా రాత్రైనా, కర్మాగారంలోకి స్వేచ్ఛగా ప్రవేశించగలగాలని ఆ ఒప్పంద సారాంశం. ఆ తరువాతి దశాబ్దాల్లో పరిశ్రమాధిపతులు 'ఇన్‌స్పెక్టర్ రాజ్' అనే మాటను ప్రచారంలోకి తెచ్చారు. పార్టీలకు అతీతంగా ప్రభుత్వాలు ఆ మాటను అందుకున్నాయి. 2014లో తెలంగాణ చేసిన పారిశ్రామిక అనుమతుల చట్టం టీఎస్ ఐపాస్ పూర్తి పేరులోనే 'సెల్ఫ్ సర్టిఫికేషన్' ఉంది. అంటే పరిశ్రమ తన గురించి తానే ఇచ్చుకునే ధ్రువపత్రం. భారీ పరిశ్రమలకు 15 రోజుల్లో, మిగిలినవాటికి 30 రోజుల్లో అనుమతులు ఇస్తామన్నది దాని గొప్ప. అనుమతి ఇవ్వడానికి గడువు పెట్టిన చట్టం, అనుమతి ఇచ్చిన తరువాత వెళ్లి చూడడానికి అంత కచ్చితమైన గడువు ఎందుకు పెట్టలేదు?

2025 నవంబరు 21న కేంద్రం నాలుగు కార్మిక కోడ్‌లను అమలులోకి తెచ్చింది. సిగాచి మృతులకు ఆరు నెలలైనా నిండలేదు. వాటిలో వృత్తి భద్రత కోడ్ తనిఖీ అధికారి పేరునే మార్చి 'ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్' అన్నది. తప్పు పట్టవలసినవాడే యజమానికి సహాయకుడు కూడా అయ్యాడు. పాత చట్టం ప్రమాదకర ప్రక్రియ నడిచే ప్రతి కర్మాగారంలోనూ కార్మికులతో కూడిన భద్రతా కమిటీ ఉండి తీరాలని శాసించింది. కొత్త కోడ్ ఆ నిర్ణయాన్ని ప్రభుత్వ ఉత్తర్వుకు వదిలిపెట్టింది. భద్రతా అధికారిని నియమించవలసిన పరిమితిని వెయ్యి మంది కార్మికుల నుంచి సాధారణ కర్మాగారాలకు 500కు, ప్రమాదకరమైన వాటికి 250కి తగ్గించడం మెరుగైన మార్పేనని ఒప్పుకుందాం. కాని పాశమైలారంలో ఆ ఉదయం పనిలో ఉన్నది సుమారు నూట నలభై మంది అని వార్తలు చెప్పాయి. అంతమంది మాత్రమే పనిచేసే కర్మాగారాలు ఈ ప్రాంతంలో వీధికొకటి ఉన్నాయి. పేలుడు పదార్థం తలలు లెక్కపెట్టి పేలదు.

దీనికి వచ్చే జవాబు మాకు తెలుసు. తనిఖీ అధికారులు లంచాలకు మరిగారని, వారిని పంపితే పరిశ్రమలు పారిపోతాయని, పరిశ్రమలు పోతే మీ పిల్లలకే ఉద్యోగాలు ఉండవని అంటారు. లంచగొండి అధికారి ఉన్నాడన్నది నిజమే కావచ్చు. అయితే పోలీసుల్లో లంచగొండులు ఉన్నారని ఎవరూ పోలీసు ఠాణాలు ఎత్తివేయలేదు. ఉద్యోగం మాట ఇంకా ముఖ్యమైనది. పటాన్‌చెరు పరిశ్రమల మీద ఆధారపడి వేల కుటుంబాలు అన్నం తింటున్నాయి. వాటిలో మన కుటుంబాలూ ఉన్నాయి. ఫ్యాక్టరీలు మూయించాలని మేము కోరడం లేదు. అన్నం కోసం వెళ్లినవాడు తిరిగి రావాలని మాత్రమే కోరుతున్నాము.

ప్రభుత్వానికి చేతకాక కాదు అనడానికి కిష్టారెడ్డిపేటే సాక్ష్యం. 2024 సెప్టెంబరు 22న, ఒక ఆదివారం నాడు, హైడ్రా యంత్రాలు ఈ ఊరికి వచ్చాయి. ప్రభుత్వ భూమిలో కట్టారంటూ బహుళ అంతస్తుల భవనాలను ఒక్క పూటలో నేలమట్టం చేశాయి. ఆ చర్య న్యాయాన్యాయాల చర్చ వేరు. సర్వే నంబరు తెలిసిన ప్రభుత్వం, సెలవు రోజున కూడా పోలీసు బందోబస్తుతో రాగలిగిన ప్రభుత్వం, అదే జిల్లాలోని ఒక డ్రయర్ వయస్సెంతో తెలుసుకోలేకపోయిందంటే ఎలా నమ్మాలి? గోడ ఎక్కడ కట్టారో కొలిచే టేపు ఉంది. గోడ లోపల ఏమి మరుగుతోందో చూసే కన్ను లేదు. లోపించినది బలం కాదు, ప్రాధాన్యం.

మైనారిటీ హక్కుల పత్రికలో ఈ ఫ్యాక్టరీల గోల ఎందుకని కొందరు పాఠకులు అడగవచ్చు. దుమ్ము పేలినప్పుడు మతం చూడదు. చనిపోయిన 54 మందిని మేము మతాల వారీగా లెక్కపెట్టబోము. కాని ఏ పనికి ఎవరు వెళ్తారన్నది మాత్రం యాదృచ్ఛికం కాదు. నెలజీతం, ఉద్యోగ భద్రత ఉన్న కొలువుల్లో ముస్లిముల వాటా తక్కువని, సాంఘిక భద్రత లేని అసంఘటిత పనుల్లో ఎక్కువని సచార్ కమిటీ 2006లోనే నివేదించింది. కాంట్రాక్టరు ద్వారా చేరి, శిక్షణ లేకుండా యంత్రం ముందు నిలబడేవాడు దళితుడు కావచ్చు, ఆదివాసీ కావచ్చు, బీహారీ కావచ్చు, ముస్లిం కావచ్చు. అతనికి సంఘం ఉండదు, యాజమాన్యాన్ని నిలదీసే భాష ఉండదు, ఫిర్యాదు చేస్తే రేపటి పని ఉండదు. తనిఖీ అధికారి రానిచోట అందరికన్నా ముందు బలయ్యేది నోరులేనివాడే. కాబట్టి ఇది మన సమస్య. మన ఒక్కరి సమస్య మాత్రం కాదు.

భోపాల్ మనకు ఈ పాఠాన్ని ఎప్పుడో నేర్పింది. యూనియన్ కార్బైడ్‌లో 1981లోనే ఫాస్జీన్ వాయువు సోకి ఒక ముస్లిం కార్మికుడు మరణించాడు. 1982లో రాజ్‌కుమార్ కేశ్వానీ అనే పాత్రికేయుడు ఊరు అగ్నిపర్వతం అంచున ఉందని హెచ్చరించాడు. తనిఖీ చేయవలసినవారు చేయలేదు. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక విషవాయువు కర్మాగారం గోడ పక్కనున్న పేదల బస్తీల మీదికి పాకింది. దోషులకు శిక్ష పడేసరికి 2010 జూన్ వచ్చింది. ఆ శిక్ష రెండేళ్లు. ఆ పాతికేళ్లలో బాధితుల పోరాటాన్ని నిలబెట్టింది ఎవరు? గ్యాస్ బాధిత మహిళల ఉద్యోగ్ సంఘటన్‌ను నడిపిన అబ్దుల్ జబ్బార్. 2019లో కన్నుమూసేవరకు పేదవాడిగానే బతికిన ఆయనకు మరణానంతరం పద్మశ్రీ ఇచ్చారు. రషీదా బీ, చంపాదేవి శుక్లా అనే ఇద్దరు బాధిత స్త్రీలు చేయి చేయి పట్టుకుని పోరాడి 2004లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం పొందారు. ఒకరు ముస్లిం, ఒకరు హిందువు. వారిని కలిపినది పీల్చిన గాలి.

ప్రమాదం అంటే పెద్ద చప్పుడే కానక్కరలేదు. పటాన్‌చెరు ప్రజలు నలభై ఏళ్లుగా చప్పుడు లేని ప్రమాదంలో బతుకుతున్నారు. మంజీరలో కలిసే నక్కవాగు రంగు మారడాన్ని, బోర్లు పాడవడాన్ని, పంటలు పోవడాన్ని చూసి స్థానిక వైద్యుడు డాక్టర్ కిషన్‌రావు రైతులతో కలిసి దశాబ్దాలు పోరాడారు. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వ్యర్థజలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం వెలిసింది. అయినా స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధన ఆ కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని చూపి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. మన వాగులో ఏముందో మన కాలుష్య నియంత్రణ మండలి చెప్పక, స్వీడన్ నుంచి వచ్చినవారు చెప్పవలసి రావడమే పర్యవేక్షణ ఎంత బలహీనమో తెలుపుతుంది.

ప్రయోగశాలల మాట కూడా చెప్పుకోవాలి. నేడు మన బస్తీల ఆడపిల్లలు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి మందుల కంపెనీల పరిశోధన విభాగాల్లో చేరుతున్నారు. ఇది మనం గర్వించవలసిన మార్పు. అయితే చట్టం కర్మాగారాన్ని 'తయారీ ప్రక్రియ' అనే మాటతో నిర్వచిస్తుంది. విద్యార్థి, పరిశోధక సహాయకురాలు పనిచేసే ప్రయోగశాల చాలాసార్లు ఆ నిర్వచనం అంచున నిలిచిపోతుంది. 2008 డిసెంబరు 29న అమెరికాలోని లాస్ ఏంజిలస్ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో షెహర్‌బానో సంగ్జీ అనే 23 ఏళ్ల యువతి గాలి తగిలితేనే మండే రసాయనాన్ని సిరంజిలోకి తీస్తుండగా మంటలు అంటుకున్నాయి. ఒంటిపై రక్షణ కోటు లేదు. 18 రోజుల తరువాత ఆమె మరణించింది. అక్కడి భద్రతా విభాగం విశ్వవిద్యాలయానికి జరిమానా వేసింది. ఆమె ప్రొఫెసరు మీద, విశ్వవిద్యాలయం మీద క్రిమినల్ అభియోగాలు నమోదయ్యాయి. విశ్వవిద్యాలయం తన ప్రయోగశాలల భద్రతా నియమాలను మార్చుకోక తప్పలేదు. మన జిల్లాలోని ఒక ప్రయోగశాలలో ఇదే జరిగితే ఏ శాఖ వెళ్తుంది, ఏ చట్టం కింద వెళ్తుంది? తండ్రులు, తల్లులు ఇప్పుడే అడగవలసిన ప్రశ్న ఇది.

అయితే ఏమి చేయాలి? చట్టం మనకు ఇచ్చిన హక్కులను ముందు తెలుసుకోవాలి. భోపాల్ తరువాత, 1987లో ఫ్యాక్టరీల చట్టంలో చేర్చిన 41-బి సెక్షను ప్రకారం ప్రమాదకర పరిశ్రమ తన ప్రమాదాలను, వాటి నుంచి కాపాడుకునే మార్గాలను కార్మికులకే కాదు, చుట్టుపక్కల నివసించే ప్రజలకు కూడా తెలపవలసి ఉండేది. కొత్త కోడ్‌లోనూ ఆ బాధ్యత ఉంది. 1996 నాటి రసాయన ప్రమాదాల నియమాల ప్రకారం జిల్లాకు కలెక్టరు అధ్యక్షతన ఒక క్రైసిస్ గ్రూపు, పారిశ్రామిక ప్రాంతానికి ఒక లోకల్ క్రైసిస్ గ్రూపు ఉండాలి. ఆ స్థానిక బృందంలో అధికారులతో పాటు ఊరి పెద్దకు, వైద్యులకు, సామాజిక కార్యకర్తలకు, స్థానిక పత్రికా సంపాదకునికి చోటుంది. అది నెలనెలా సమావేశం కావాలి. కిష్టారెడ్డిపేటలో, పాశమైలారంలో, బొల్లారంలో ఉన్న మా పాఠకులను అడుగుతున్నాము: మీ ఊరి నుంచి ఆ బృందంలో ఎవరున్నారు? చివరి సమావేశం ఎప్పుడు జరిగింది? సైరన్ మోగితే ఎటువైపు పరుగెత్తాలో మీ పిల్లలకు ఎవరైనా చెప్పారా? 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి లీకైనప్పుడు ఊరివారిని లేపడానికి సైరనే మోగలేదు. 12 మంది చనిపోయారు. ఆ కంపెనీ సరైన పర్యావరణ అనుమతి లేకుండానే ఏళ్ల తరబడి నడిచింది.

సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు ఖర్చు పది రూపాయలు. మీ చుట్టూ ఉన్న కర్మాగారాల్లో చివరి తనిఖీ తేదీ ఏది, నోటీసులు ఏవి, తీసుకున్న చర్య ఏమిటి అని ఆ పది రూపాయలతో అడగవచ్చు. మస్జిద్ కమిటీలు, ఆలయ కమిటీలు, కాలనీ సంఘాలు కలిసి అడిగితే జవాబు తొందరగా వస్తుంది. జుమా నమాజు తరువాత గుమ్మం దగ్గర నిలబడి పది మంది సంతకాలు చేస్తే, ఆ కాగితం మీద పక్కింటి హిందూ సోదరులు కూడా సంతకం చేస్తే, దానిని కార్యాలయంలో పక్కన పెట్టడం అంత సులభం కాదు.

ప్రభుత్వం ముందు మేము ఉంచే కోరికలు నాలుగు. ప్రతి కర్మాగారం తనిఖీ నివేదికను తెలుగులో, ఉర్దూలో, హిందీలో గేటు దగ్గర అందరికీ కనబడేలా పెట్టాలి. పరిశ్రమలకు పెట్టుబడి తెచ్చే శాఖతో సంబంధం లేని స్వతంత్ర ప్రమాద విచారణ సంస్థను నెలకొల్పాలి; అమెరికాలో ఉన్న కెమికల్ సేఫ్టీ బోర్డు జరిమానాలు వేయకపోయినా నిజాన్ని వెలికితీసి ప్రచురిస్తుంది, ఇంపీరియల్ షుగర్ ప్రమాదంలోనూ అదే చేసింది. కాంట్రాక్టు కార్మికుని పేరు, వివరాలు లేకుండా ఎవరూ గేటు దాటి లోపలికి వెళ్లని విధానం రావాలి. ప్రమాదం జరిగిన తరువాత లోపల ఎంతమంది ఉన్నారో వెతుక్కునే దుస్థితి మళ్లీ రాకూడదు. చివరగా, సిగాచి బాధితులకు ప్రకటించిన పరిహారంలో ఎవరికి ఎంత చేరిందో ప్రజలకు లెక్క చెప్పాలి. 54 మంది చనిపోయిన కేసులో నెలలు గడిచినా అరెస్టులు ఎందుకు లేవని సాక్షాత్తు హైకోర్టే నిలదీయవలసి వచ్చింది. న్యాయం కోసం ఒక విశ్రాంత శాస్త్రవేత్త ప్రజాహిత వ్యాజ్యం వేస్తే తప్ప ప్రశ్నలు పుట్టని వ్యవస్థను మనం అంగీకరించరాదు.

సిగాచికి ఏడాది ముందు, 2024 ఏప్రిల్ 3న, ఇదే జిల్లా హత్నూర మండలం చందాపూర్‌లో ఎస్బీ ఆర్గానిక్స్ పేలింది. అప్పుడూ నాయకులు వచ్చారు, అప్పుడూ విచారణ అన్నారు. అదే ఏడాది ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఎసెన్షియా ప్రమాదం 17 మందిని బలి తీసుకుంది. ఒక ప్రమాదానికీ మరొక ప్రమాదానికీ నడుమ ఉన్న నిశ్శబ్ద దినాల్లోనే మనుషులను కాపాడగలిగేది. ఆ దినాల్లో మంత్రి రాడు, కెమెరా రాదు. రావలసినవాడు ఒక్క తనిఖీ అధికారి. అతడు వచ్చేదాకా అడుగుతూ ఉండవలసిన బాధ్యత మాత్రం మనదే. రేపటి షిఫ్టు బస్సులో మనవాడు కూడా ఉన్నాడు.